జాబితాలో పేరు కొట్టేసే ముందు

అమ్మా,

అసంఘటిత కార్మికులకు నగదు సాయం ఇచ్చే పథకంలో ఉద్యోగానికి చేరావని, అర్హులను ఏఐతో గుర్తించే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. చాలాకాలం ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఏఐతో కొత్తవాళ్లను చేర్చు. దాని మాట మీద మాత్రం ఎవరి పేరూ కొట్టెయ్యకు.

ప్రపంచంలో పనిచేసేవాళ్లలో నూటికి అరవై మంది, అంటే దాదాపు 200 కోట్ల మంది, అసంఘటితంగానే బతుకుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. వీళ్లలో చాలామందికి జీతం చీటీ ఉండదు, యజమాని పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఇలాంటివాళ్లను వెతికి పట్టుకోవడానికి ఏఐ నిజంగా పనికొస్తుంది. 2020లో కోవిడ్ సమయంలో పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశ ప్రభుత్వం నోవిస్సీ అనే పథకం పెట్టి, మామూలు ఫోన్లోనే నమోదు చేసుకుని, ఫోన్‌కే డబ్బు పంపింది. తర్వాత పల్లెల్లో నిరుపేదలను గుర్తించడానికి ఉపగ్రహ చిత్రాలు, ఫోన్ వాడకం వివరాలు వాడారు. ప్రాంతాన్ని బట్టి పంచడం కంటే అది మెరుగేనని పరిశోధకులు తేల్చారు. అయితే ఇంటింటి వివరాలున్న పూర్తి రిజిస్టరు ఉంటే అదే ఇంకా మేలని కూడా చెప్పారు. ఈ రెండో మాట మీటింగుల్లో ఎవరూ ఎత్తరు, నువ్వు ఎత్తాలి.

డేటా ఎక్కడ తప్పుతోవ పట్టిస్తుందో చూడు. మేస్త్రీ ఖాతాలో ఒక్కసారే పెద్ద మొత్తం పడుతుంది. సాయంత్రానికి అది కూలీలందరికీ పంచేస్తాడు, అతనికి మిగిలేది తన కూలే. కంప్యూటర్‌కు మాత్రం అతను డబ్బున్నవాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటే, నాలుగిళ్లలో పాచిపని చేసే భార్య అసలు లెక్కలోకే రాదు.

తెలంగాణలో కంప్యూటర్ విశ్లేషణతో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కార్డులు పోయింది అంతకు కొన్నేళ్ల ముందే. మధ్యలో ఆ ఇళ్లవాళ్లు ఏం తిన్నారో ఆలోచించు.

అందుకే పేరు తీసేయాలంటే ముందు ఒక మనిషి ఆ గడప దాకా వెళ్లాలి. కారణం వాళ్ల భాషలో, ఒక్క వాక్యంలో రాసివ్వాలి. విచారణ తేలేదాకా డబ్బు ఆపకూడదు. ఫిర్యాదుల కౌంటరు పనివేళలు అయ్యాక తెరిచి ఉండాలి. ఒక పూట ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పోయినట్టే కదా.

అనర్హులు ఎంతమంది దూరారన్న లెక్క నిన్ను అందరూ అడుగుతారు. అర్హులు ఎంతమంది జారిపోయారన్నది నువ్వే అడగాలి, ప్రతి నెలా, రాతపూర్వకంగా. ఇది అడిగినందుకు పని ఆలస్యం చేస్తున్నావంటారు. టెన్షన్ పడకు, మాట పడు గానీ వదలకు.

మొదటి జాబితా రాగానే తిరస్కరించిన పేర్లలోంచి ఒక వంద, ఏరకుండా తీసుకో. సర్వేయర్లతో పాటు నువ్వూ ఆ ఇళ్లకు వెళ్లు. ఏం కనబడిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న