ఫ్లాట్ సరే, ఆ 60 రోజుల మాటేమిటి?

ప్రశ్న: డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్‌-1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నాను. భార్యది హెచ్‌-4 (డిపెండెంట్ వీసా), ఒక పాప. నెలకు 4,200 డాలర్లు ఖర్చవుతాయి. చేతిలో 9,000 డాలర్లున్నాయి. హైదరాబాద్ పక్కన తెల్లాపూర్‌లో ఫ్లాట్ చూశాం, 1.2 కోట్లు హోమ్‌లోన్ వస్తుంది. డౌన్‌పేమెంట్ కోసం ఇక్కడ 30,000 డాలర్ల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? మిగతాది నాన్న తన రిటైర్మెంట్ డబ్బులోంచి సర్దుతానన్నారు. జీతం ఏటా పెరుగుతుంది కదా, త్వరగానే తీర్చేస్తాను.

జవాబు: వద్దు. నాన్నగారి డబ్బు జోలికి అసలే వెళ్లొద్దు. ఊళ్ల పేర్లు మారి ఇదే ప్రశ్న నాకు వస్తూనే ఉంది. అందరూ జీతం చూసి ఈఎంఐ లెక్కేస్తున్నారు, ఆ జీతం దేనిమీద నిలబడిందో చూడటం లేదు.

20 ఏళ్లకు, 8.5 శాతం వడ్డీకి హోమ్‌లోన్ ఈఎంఐ 1.04 లక్షలు. పర్సనల్ లోన్ 12 శాతానికి దొరికినా ఐదేళ్లపాటు నెలకు 667 డాలర్లు. ఇంటి ఖర్చుతో కలిపితే నెలకు దాదాపు 6,000 డాలర్లు. మీ 9,000 నెలన్నరకు సరి. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు. గడువుకన్నా ముందే మీ డబ్బు అయిపోతుంది! కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగంతోపాటే పోతుంది.

ఇక జీతం పెరగడం. హెచ్‌-1బి వారికి, ఆ ప్రాంతంలో ఆ పనికి అనుభవం, బాధ్యతల లెవెల్‌ను బట్టి ఖరారైన వేతనం, కంపెనీలో అదే పని చేసే మిగతావాళ్లకు ఇచ్చేది, ఈ రెండింట్లో ఎక్కువైనది ఇవ్వాలన్నదే చట్టం. ఏటా పెంచమని అందులో లేదు. కంపెనీ మారొచ్చు, కానీ కొత్త కంపెనీ మీ వీసా కోసం అమెరికా ప్రభుత్వానికి పిటిషన్ వేయాలి. గ్రీన్‌కార్డు ఫైలు మధ్యలో ఉంటే చాలామంది అది మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుందేమోనని జంకి, వచ్చిన హైక్‌తోనే సర్దుకుంటారు. ఆ సంగతి మేనేజర్లకూ తెలుసు. ఒకసారి ఇండియాకు వచ్చేస్తే మళ్లీ వెళ్లడం ఇంకా కష్టం. అమెరికా బయట ఉండి చెల్లే హెచ్‌-1బి వీసా లేనివారికి కొత్త పిటిషన్ వేయాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. మీకోసం ఎవరు కడతారు?

అందుకే ముందు ఎమర్జెన్సీ ఫండ్. వీసా మీద ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు చాలదంటాను. ఎనిమిది నెలలకు సరిపడా, అంటే 33,600 డాలర్లు, అమెరికాలోనే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. షేర్లలో వద్దు, ఇండియా ఎఫ్‌డీలోనూ వద్దు. ఆ డబ్బుంటేనే లేఆఫ్ టెన్షన్‌లో తక్కువ జీతం ఆఫర్ వచ్చినా కాదనగలరు. తర్వాత టర్మ్ పాలసీ (జీవిత బీమా), ఆ తర్వాతే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్.

టోకెన్ అడ్వాన్స్ కట్టేసి ఉంటే, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే బిల్డర్‌ను రద్దు షరతులు రాతపూర్వకంగా అడగండి.