ఆదివారం కూడా లొకేషనా?

"డ్యూటీ టైం అయిపోయాక కూడా కంపెనీ మన ఫోన్ లొకేషన్ చూడొచ్చా?" అని అడిగారు. చూడకూడదు. కానీ చూస్తారు. నాకు జరిగింది చెప్తాను.

నాది పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ నా రూట్. చేరిన రోజే యాప్ వేయించి, లొకేషన్ 'ఎప్పుడూ' అన్న చోట నొక్కించారు. ఫోన్ నాది, రీచార్జ్ నాది, మధ్యాహ్నానికే అడుగంటే బ్యాటరీ నాది. పగలు చూస్తే నాకేం బాధ లేదు, టీఏ, అంటే తిరుగుడు ఖర్చు, దాన్నిబట్టే ఇస్తారు. అదీ సిగ్నల్ లేని చోట తిరిగిన కిలోమీటర్లు ఎగ్గొట్టి. దేవరకొండ తండాల్లో బండి నడిపినవాళ్లకు తెలుస్తుంది ఆ మంట.

ఒక ఆదివారం అమావాస్య పడింది. అమ్మను తీసుకొని నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు గుడికి పోయాను. గట్టు మీద మూడు గుండ్ల సందులో పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. ముందు అమ్మ, వెనక నేను. సరిగ్గా సగంలో ఉండగా జేబులో ఫోన్. చెయ్యి పోదు, అది ఆగదు. బయటపడి చూస్తే మా మేనేజర్, 3 మిస్డ్ కాల్స్.

"నార్కట్‌పల్లి కాడ ఏం పని నీకు? అది నీ రూట్ కాదు గద?"

"గట్టుకొచ్చిన సార్, అమ్మతోని."

"అట్లనా. ఒక ఫొటో పెట్టు."

వేరే కంపెనీ వాళ్లను కలుస్తున్నానని ఆయన అనుమానమట. నుదుట బొట్టు, చేతిలో కొబ్బరి చిప్పతో నిలబడ్డ అమ్మను ఫొటో తీసి పంపాను. "ఎవరికిరా?" అంటే "చెల్లెకు" అన్నాను. ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుతుంది.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు. కానీ అది ముందుగా ప్రభుత్వం మీద చూపించుకునే హక్కు, ప్రైవేటు సార్లకు దాంతో పెద్దగా భయం లేదు. 2023లో డేటా చట్టం వచ్చింది కదా అంటారు. అందులో సెక్షన్ 7 చదవండి. ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి మన ఒప్పుకోలు లేకుండానే సమాచారం వాడుకోవచ్చని ఉంది. వ్యాపార రహస్యాలు బయటికి పోకుండా అని ఉదాహరణ కూడా ఇచ్చారు. మా అమ్మ కొబ్బరి చిప్పలో ఏం రహస్యం ఉందో మరి! కోర్టుకు పోతే ఆదివారం కూడా లొకేషన్ చూడటం మాత్రం నిలవదని నా గట్టి నమ్మకం, పోయినవాణ్ణి నేను చూడలేదు గానీ.

ఇప్పుడు ఆదివారాలు ఆ ఫోన్ టీవీ పక్కన పడేసి, అమ్మ బటన్ ఫోన్ పట్టుకొని తిరుగుతున్నాను. మొన్న సోమవారం మీటింగ్‌లో సార్ అందరి ముందు అడిగారు: "ఏందయ్యా, నాలుగు ఆదివారాల సంది ఇంట్లకెళ్లి కదుల్తలేవు, పానం బాగుంటలేదా?"