లైపోసక్షన్ తర్వాత గుంటలు పడితే మళ్లీ ఆపరేషన్ చేయించుకోవచ్చా?

కొవ్వు తీయించుకోవడం గురించి ఈ శీర్షికలో ఇదివరకు రాసినప్పుడు, ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని అడిగే ఉత్తరాలు వస్తాయనుకున్నాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఆపరేషన్ అయిపోయి, అద్దంలో చూసుకుని బాధపడుతున్నవారివి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలను తీసివేశాను.

ప్రశ్న: నా వయసు 38 సంవత్సరాలు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్ కాన్పులే. ఏడాదిన్నర కిందట బెంగళూరులో పొట్టకు, నడుముకు లైపోసక్షన్ చేయించుకున్నాను. బొడ్డుకు కుడివైపున అరచేయంత గుంట పడింది. ఎడమ నడుము దగ్గర కొవ్వు అలాగే ఉండిపోయింది. బొడ్డు కింద చర్మం వదులై వేలాడుతోంది. పల్చటి చీర కడితే ఎత్తుపల్లాలు బయటికి తెలుస్తున్నాయి. అక్కడ అడిగితే, మిగిలిన కొవ్వు కూడా తీసేస్తే అంతా సమానమవుతుందని, సగం ఫీజుకే చేస్తామని అంటున్నారు. మా అత్తగారేమో చేసుకున్నది చాలు, ఇక కత్తి జోలికి పోవద్దంటున్నారు. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: అమ్మా, మీరు ఒకే సమస్యగా చెప్పుకుంటున్నవి నిజానికి మూడు వేరువేరు సమస్యలు. ఎడమ నడుములో కొవ్వు తక్కువగా తీశారు, బొడ్డు పక్కన అవసరానికి మించి తీశారు, బొడ్డు కింద ఉన్నది అసలు కొవ్వుకు సంబంధించినదే కాదు, చర్మం సాగిపోవడం. మొదటిదానికి మాత్రమే మళ్లీ కొవ్వు తీయడం పరిష్కారమవుతుంది. గుంట పడిన చోటి మట్టానికి చుట్టుపక్కలంతా దించుదామనుకుంటే, చర్మం కింద ఉండవలసిన మెత్తటి పొర కూడా పోయి, చర్మం నేరుగా కండరం మీది పొరకు అతుక్కుంటుంది. రెండోసారి ఆపరేషన్ తర్వాత మరింత అధ్వానమైందని నా దగ్గర వాపోయినవారిలో చాలామందికి జరిగింది ఇదే. కాబట్టి సగం ఫీజన్న మాట విని తొందరపడవద్దు.

గుంట ఎందుకు పడుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తేనే మీరు ఏ డాక్టరును ఏమి అడగాలో తెలుస్తుంది. పొట్ట చర్మం కింద కొవ్వు రెండు అంతస్తులుగా ఉంటుంది, మధ్యలో పలుచని పొర అడ్డుగా ఉంటుంది. కాన్యులా అనే సన్నని గొట్టం ప్రధానంగా కింది అంతస్తులో పనిచేయాలి, చర్మానికి ఆనుకుని ఉన్న పై కొవ్వును దాదాపు ఒక సెంటీమీటరు మందాన వదిలిపెట్టాలి. లావుపాటి కాన్యులాను చర్మానికి మరీ దగ్గరగా నడిపినా, ఒకే దారిలో పదేపదే తోసినా, నాగలి చాలు వేసినట్టు అక్కడ కాలువ పడుతుంది. 1977లో పారిస్‌లో ఇల్లూజ్ అనే సర్జన్ మొనదేలని కాన్యులాతో, రక్తనాళాలను కోయకుండా, సొరంగాల్లాగా కొవ్వు తీసే పద్ధతిని మొదలుపెట్టాడు. 1980లలో అమెరికాలో జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు సెలైన్‌లో లిడోకెయిన్ (తిమ్మిరెక్కించే మందు), అడ్రినలిన్ (రక్తనాళాలను ముడిచే మందు) కలిపి ముందుగా ఎక్కించే విధానాన్ని తెచ్చాక రక్తస్రావం బాగా తగ్గింది. పరికరాలు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి గానీ, ఎంత తీయాలన్నదానికంటే ఎంత వదలాలన్నదే ఇప్పటికీ ఈ ఆపరేషన్‌లో అసలు నేర్పు.

ఇంట్లోనే మీరు ఒక పరీక్ష చేసుకోవచ్చు. పగటిపూట కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి పడేలా అద్దం ముందు నిలబడండి. ఎదుటి నుంచి పడే ట్యూబులైటు వెలుతురులో గుంటలు కనిపించవు, పక్క వెలుతురులో నీడ పడి కనిపిస్తాయి. ఇప్పుడు గుంట మీది చర్మాన్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టి పైకి లాగండి. చీర అంచులాగా పలుచగా వస్తే అక్కడ కొవ్వు కరువైనట్టు. అసలు పట్టుకే రాకపోతే, మచ్చ కణజాలం దాన్ని లోపల బిగించి ఉంచినట్టు. తర్వాత వెల్లకిలా పడుకుని తలను కొద్దిగా ఎత్తండి. పొట్ట బిగిసినప్పుడు గుంట ఇంకా లోతైతే, చర్మం కండరానికి అతుక్కుందన్న అనుమానం బలపడుతుంది. అదే సమయంలో బొడ్డు దగ్గరగానీ, పొట్ట నడిమధ్యగానీ ఏదైనా ఉబ్బితే, అది కొవ్వు కాకపోవచ్చు. రెండు కాన్పుల తర్వాత పొట్ట కండరాలు నడిమధ్యన విడిపోయి ఉండటం, బొడ్డు దగ్గర హెర్నియా ఉండటం మామూలే. హెర్నియా ఉన్నచోట కాన్యులా గుచ్చితే పేగుకు రంధ్రం పడే ప్రమాదముంది. కాబట్టి ఎవరి దగ్గరకు వెళ్లినా, రెండో ఆపరేషన్‌కు ముందు పొట్టకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ తప్పకుండా చేయించుకోండి.

ఇక చికిత్స సంగతి. ఎడమ నడుములో మిగిలిన కొవ్వును రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని కాన్యులాతో తీస్తారు. ఆ కొవ్వును పారేయకుండా శుద్ధి చేసి, కుడివైపు గుంటలో చుక్కచుక్కగా, వేరువేరు లోతుల్లో నింపవచ్చు. అంతకుముందు అక్కడ అతుక్కుపోయిన మచ్చపోగులను చర్మం కింద సూదితోనో సన్నని పరికరంతోనో విడదీయాలి, లేకపోతే నింపిన కొవ్వు పక్కకు జారి గుంట గుంటలాగే ఉంటుంది. నింపినదంతా బతకదు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి రక్తప్రసరణ అందిన కొవ్వు నిలుస్తుంది, అందనిది మొదటి మూడు నెలల్లో కరిగిపోతుంది. మచ్చ గట్టిగా ఉన్నచోట నష్టం ఎక్కువ కాబట్టి రెండో విడత అవసరం కావచ్చని ముందే మనసును సిద్ధం చేసుకోండి. ఒక్కసారికే నూటికి నూరు శాతం సరిచేస్తామనే మాటను నేనైతే నమ్మను.

బొడ్డు కింద సాగిన చర్మానికి మాత్రం ఏ కాన్యులా పనికిరాదు. అదనపు చర్మాన్ని సిజేరియన్ మచ్చ వెంబడే కోసి తీసివేసి, అవసరమైతే విడిపోయిన కండరాలను దగ్గరకు కుట్టాలి. దాన్ని అబ్డామినోప్లాస్టీ అంటారు. ఇంత పనినీ ఒకే రోజున చేయాలా, విడతలుగా చేయాలా అన్నది చర్మానికి రక్తప్రసరణ ఎలా ఉందో చూసి తేల్చవలసిన విషయం. ఇప్పటికే ఒకసారి కాన్యులా తిరిగిన చర్మాన్ని విశాలంగా లేపి కోస్తే అంచులు నల్లబడి చచ్చిపోయే అవకాశం ఉంటుంది.

రెండోసారి ఆపరేషన్ మొదటిదానికంటే కష్టమైనదన్న మాటను దాచను. లోపల మచ్చ కట్టి ఉండటం వల్ల ఎక్కించిన ద్రవం సమానంగా పాకదు, కాన్యులా గట్టిపడ్డచోట ఆగి మెత్తగా ఉన్నచోటికే జారుతుంది, రక్తస్రావం కూడా ఎక్కువవుతుంది. అందువల్ల మీరు వెళ్లే సర్జన్‌కు ఎం.ఎస్. తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డి.ఎన్.బి. ఉందో లేదో చూడండి, మొదటి ఆపరేషన్లు ఎన్ని చేశారన్నది కాకుండా ఇతర చోట్ల చెడినవాటిని ఎన్ని సరిచేశారో అడగండి. ఆపరేషన్ రోజున మిమ్మల్ని నిలబెట్టి, ఎత్తులకు ఒక గుర్తు, పల్లాలకు మరో గుర్తు పెన్నుతో వేసి, అద్దంలో మీకు చూపించి ఒప్పించాలి. పడుకోబెట్టి గుర్తులు వేసేవారి దగ్గర వద్దు, ఎందుకంటే పడుకున్నప్పుడు గుంటల సగం లోతు మాయమవుతుంది.

మొదటి ఆసుపత్రి నుంచి రికార్డులు తెచ్చుకోండి. మొహమాటపడనక్కర్లేదు. రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని, చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లపాటు భద్రపరచాలని 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది. మీకు ఏడాదిన్నరే అయింది కాబట్టి అవి ఉండి తీరాలి. ఎంత ద్రవం ఎక్కించారు, ఎంత తీశారు, ఎంత లావు కాన్యులా వాడారు, లేజర్ లాంటి వేడి పుట్టించే పరికరం వాడారా అన్నవి అందులో ముఖ్యం. వేడి తగిలిన చోట మచ్చ వేరే తీరుగా ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫోటోలు కూడా అడగండి, ఎందుకంటే ఎడమ కుడి తేడా కొంతవరకు పుట్టుకతోనే ఉండి, అప్పట్లో మనం గమనించకపోయి ఉండవచ్చు.

మీకు తొందరేమీ లేదు. బరువు కనీసం ఆరు నెలలుగా నిలకడగా ఉండాలి, రక్తహీనత ఉంటే సరిచేసుకోవాలి, మరో కాన్పు ఆలోచన ఉండకూడదు. ఒక మాట మన ఊళ్లవాళ్లకే చెప్పవలసినది: వేసవిలో పెట్టుకోవద్దు. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలపాటు బిగుతైన గార్మెంట్ వేసుకోవాలి. అనంతపురం ఏప్రిల్ ఎండల్లో చెమటకు ఒరుసుకుపోయి, చాలామంది పది రోజులకే విప్పి అవతల పడేస్తారు. కూర్చున్నప్పుడు ఆ గుడ్డ నడుము దగ్గర మడతపడి, ఆ మడతే కొత్త గీతగా మిగిలిపోయినవారిని కూడా చూశాను. కార్తీకంలోనో మార్గశిరంలోనో చేయించుకోండి, మడతపడే చోట పలుచని స్పాంజి పెట్టించుకోండి. మీ అత్తగారికి కూడా ఈ జవాబు చదివి వినిపించండి, ఆమె భయం అర్థంలేనిది కాదు.

ప్రశ్న: వయసు 24. ఛాతీ ఆడవాళ్లలా ఉందని స్నేహితులు ఎగతాళి చేస్తుంటే పది నెలల కిందట ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు కుడి చనుమొన సాసర్‌లాగా లోపలికి పోయింది. ఎడమవైపు చనుమొన కింద గుండీలాంటి గట్టి ముద్ద తగులుతోంది. చొక్కా లేకుండా పొలం బావిలో ఈతకు దిగలేకపోతున్నాను.
(ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా)

జవాబు: మగవారి ఛాతీలో పెరిగేది రెండు రకాలు, కొవ్వు ఒకటి, చనుమొన వెనకాల ఉండే గ్రంథి ఒకటి. కొవ్వు కాన్యులాతో వస్తుంది గానీ గ్రంథి రబ్బరులాగా గట్టిగా ఉండి చాలావరకు రాదు, చనుమొన అంచున చిన్న గాటు పెట్టి విడిగా తీయాలి. మీ ఎడమవైపు గ్రంథి మిగిలిపోయిందనుకుంటున్నాను. కుడివైపు దాన్ని మొత్తం ఊడ్చేసి ఉంటారు. చనుమొన కింద ఆసరాగా కొంత గ్రంథిని వదలకపోతే అది లోపలికి కుంగుతుంది. ఎడమవైపు మిగిలినదాన్ని చిన్న గాటుతో తీయవచ్చు, కుడివైపు అతుకును విడదీసి కొవ్వు నింపవచ్చు. దానికి పొట్ట నుంచో తొడ నుంచో కొద్దిపాటి కొవ్వు చాలు.

అయితే ఎడమవైపు ముద్ద నెలనెలకూ పెరుగుతుంటే అది మిగిలినది కాదు, మళ్లీ పుట్టుకొస్తున్నది. జిమ్‌లో ఎవరైనా ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లుగానీ, పేరు తెలియని పొడులుగానీ వాడుతున్నారా? ఉత్తరంలో రాయలేదు కాబట్టి అడుగుతున్నాను, మందలించడానికి కాదు. వాడుతుంటే ముందు అవి మానాలి. హార్మోన్ల పరీక్ష, ఛాతీకి స్కానింగ్ చేయించుకున్న తర్వాతే ఆపరేషన్ మాట.

ప్రశ్న: నాకు తొడలకు లైపోసక్షన్ జరిగి ఏడు వారాలైంది. చేత్తో తడిమితే గులకరాళ్లలా గట్టిగా తగులుతున్నాయి, ఒక తొడ లావుగా ఉంది. వచ్చే నెలలో టచప్ చేస్తామంటున్నారు.
(ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా)

జవాబు: వద్దు. ఏడు వారాలకు మీరు చూస్తున్నది ఫలితం కాదు, వాపు. ఆ గట్టిదనం మానుతున్న కణజాలానిది, చాలామందిలో మూడు నెలలకు మెత్తబడుతుంది, అసలు ఆకారం తేలడానికి ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా మళ్లీ కాన్యులా పెట్టనివ్వవద్దు. మీ డాక్టరు చూపిన తీరులో మృదువుగా మర్దన చేసుకుంటూ, నడుస్తూ ఉండండి. నొక్కితే నీళ్ల సంచిలాగా అటూఇటూ కదిలితే లోపల ద్రవం చేరినట్టు, దాన్ని సిరంజితో తీస్తే సరిపోతుంది. చర్మం ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు చూపించుకోండి. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం ఎవరి అపాయింట్‌మెంటు కోసమూ ఎదురుచూడక నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం అరుదే అయినా ప్రాణాంతకమైనది.

ప్రశ్న: నా భార్యకు చెన్నైలో జరిగిన లైపోసక్షన్ సరిగా రాలేదు. రెండో ఆపరేషన్‌కు ఇన్సూరెన్స్ వస్తుందా? మొదటివారి మీద ఫిర్యాదు చేయడానికి చెన్నై తిరగాలా?
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేయించుకునే ఆపరేషన్లను మినహాయిస్తాయి. ప్రమాదాలు, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత అవయవాన్ని సరిచేసే ఆపరేషన్లకు, లేదా ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పును తొలగించడానికి వైద్యపరంగా తప్పనిసరైనవాటికే వర్తిస్తాయి. హెర్నియా లాంటిది బయటపడితే దాని మరమ్మతు ఖర్చు వేరు, ఆ బిల్లును విడిగా వేయించుకోండి.

ఫిర్యాదుకు చెన్నై తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు కూడా ఉండదు. గడువు రెండేళ్లు. అయితే ఫలితం నచ్చలేదన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదు. ఈ దుష్ఫలితాలు రావచ్చని ముందే రాసిచ్చి ఆమెతో సంతకం చేయించుకున్నారా, ఆపరేషన్ చేసిన వ్యక్తికి ఆ అర్హత ఉందా, తర్వాత సరిగా చూశారా అన్నవాటిని కమిషన్ పరిశీలిస్తుంది. కాబట్టి రెండో ఆపరేషన్‌కు ముందే, నిలబెట్టి, నాలుగు వైపుల నుంచి, పక్క వెలుతురులో, తేదీ పడేలా ఫోటోలు తీయించి ఉంచండి. సరిచేసిన తర్వాత చూపించడానికి ఆ గుంటలు ఉండవు.