ఆ రంగు డబ్బా పక్కన పెట్టు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి నాలుగైదు సార్లు చూశాను. వేలంలో నీకు దొరికింది హార్న్‌బీ డబ్లో వాళ్ళ పాత బొమ్మరైలు, ‘డచెస్ ఆఫ్ అథాల్’ ఇంజిను, దాంతోపాటు మూడు రేకు బోగీలు. మంచి సరుకే దొరికింది. కానీ కింద నువ్వు రాసిన ముక్క, ‘పాత రంగు గీకేసి కొత్తగా స్ప్రే కొడతాను మామయ్యా’ అన్నది చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. బల్ల మీద పెట్టుకుని పని చేసుకో.

ఆ రంగు జోలికి మాత్రం వెళ్ళకు. నీ బొమ్మకు మూలమైన 6231 నంబరు అసలు ఇంజిను 1938లో ఇంగ్లండులోని క్రూ వర్క్‌షాప్‌లో తయారైంది. డబ్లో బొమ్మరైళ్ళు బజారులోకి వచ్చిందీ ఆ ఏడే. నీ చేతిలో ఉన్న బొమ్మ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1940ల చివర్లో, లివర్‌పూల్ బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీలో మొదలైన మోడల్. బోగీల మీద కనిపించే పలకలు, సన్నటి పసుపు గీతలు, అక్షరాలు అన్నీ చదును రేకు మీద అచ్చు వేసి, ఆ తర్వాత మడిచినవి. మోటారు ఆగిపోతే బాగుచేసుకుంటాం, చక్రం పోతే ఇంకోటి వేసుకుంటాం. గీకేసిన అచ్చును ఎక్కడినుంచి తెస్తావు? పైగా పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. పాకే చంటిది ఉన్న ఇంట్లో ఆ పని అసలే వద్దు.

ఇది నేను చేసి పోగొట్టుకున్న సంగతే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఇలాంటి ఇంజినే కొన్నాను. టెండర్ (ఇంజిను వెనకాల బొగ్గు, నీళ్ళు మోసే బండి) పక్కన మురికి ఉందని గుడ్డకు స్పిరిట్ అద్ది తుడిచాను. రెండు రుద్దులకే దాని మీదున్న ఎల్ఎంఎస్ అనే రైల్వే కంపెనీ పేరు అక్షరాల్లో చివరిది గుడ్డకు అంటుకుని వచ్చేసింది. ఇంజిను మీద అక్షరాలు బోగీల మీదలా అచ్చు వేసినవి కావు, అతికించినవి. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఇప్పటికీ ఆ ఖాళీ చూస్తే మనసు చివుక్కుమంటుంది. నువ్వు మాత్రం గోరువెచ్చటి నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, దూదిపుల్ల ముంచి, బాగా పిండి, ముందు బోగీ అడుగున తుడిచి చూడు. రంగు అంటకపోతేనే పక్కలకు రా. వెంటనే పొడిగుడ్డతో అద్దు. అక్షరాలున్న చోటు వదిలెయ్. థిన్నర్, పెట్రోలు ఆ గదిలోకే తేవద్దు.

బోగీ పైకప్పు విప్పాలని కూడా తొందరపడకు. కాఫీ డబ్బా మూత చెవిని నాలుగుసార్లు వంచితే తెగినట్టే, పైకప్పును పట్టి ఉంచే ఈ రేకు చెవులూ తెగిపోతాయి. లోపల నిజంగా పని ఉంటేనే విప్పు.

ఇక ఇంజిను. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరిన రోజుల్లో మా మేస్త్రీ స్పానర్ పట్టుకునే ముందు పది నిమిషాలు బండి చుట్టూ తిరిగి చూడమనేవాడు. నువ్వూ అలాగే చూడు. బాడీ జింకు కలిసిన పోతలోహం. అందులో సీసం కల్తీ ఎక్కువైతే ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి, సాలెగూడులా బీటలు వారుతుంది. యుద్ధానికి ముందు సరుకులో ఈ జబ్బు ఎక్కువ, దీనికి మందు లేదు. చక్రాల అంచుల మీద, బాడీ మూలల్లో భూతద్దం పెట్టి చూడు. బీటలు కనిపిస్తే ఇంజినును నడపకు, అద్దాల బీరువాలో పెట్టుకో.

బీటలు లేకపోతే బాడీ తీసి మోటారు చూడు. అందులో తిరుగుతూ కరెంటు అందుకునే రాగి ముక్కల భాగం, అంటే కమ్యుటేటర్, నల్లగా మసిబారి ఉంటుంది. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్ల ఆనించి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పు. రాగి తళతళలాడేదాకా పుల్లలు మారుస్తూనే ఉండు. ఆ రాగి ముక్కల మధ్య సన్నటి సందులుంటాయి, వాటిల్లో కార్బన్ పొడి గట్టిపడి కూర్చుంటుంది. చెక్క టూత్‌పిక్ మొన చెక్కి ఆ పొడి లాగేయ్. సూది పెడితే రాగి గీసుకుపోతుంది. సగం పాత ఇంజిన్లకు ఇంతకంటే వైద్యం అక్కర్లేదు. మోటారులో తిరిగే తీగచుట్టల భాగాన్ని, అంటే ఆర్మేచర్‌ను, బయటికి తీయకు. తీస్తే అయస్కాంతం బలం తగ్గుతుంది. తప్పనిసరైతే ముందుగా అయస్కాంతం రెండు కొసలనూ కలుపుతూ ఇనుప ముక్క పెట్టు.

నూనె అంటే కుట్టుమిషన్ ఆయిల్, అదీ సూదిమొనకు నిలిచేంత, ఇరుసు దగ్గర ఒక్కో చుక్క. వంటింటి నూనెలు జిగురై పట్టేస్తాయి. కమ్యుటేటర్‌కు నూనె తగలనివ్వకు.

పెట్టెలో వచ్చిన పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను ప్లగ్గులో పెట్టొద్దు. తీగల మీద రబ్బరు ఎండి రాలిపోయి ఉంటుంది, షాక్ కొడితే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్ కొనుక్కో, డిజిటల్‌ది వద్దు. నీ ఇంజిను మూడు పట్టాలది, మధ్య పట్టా నుంచి కరెంటు తీసుకుంటుంది. ఇప్పటి రెండు పట్టాల లైను మీద నడవాలని చక్రాలు కోయించకు. పాత రేకు పట్టాలు టాయ్ ఫెయిర్లలో ఇప్పటికీ దొరుకుతాయి. విడిభాగాలకు హార్న్‌బీ రైల్వే కలెక్టర్స్ అసోసియేషన్‌లో చేరితే దారి దొరుకుతుంది.

బోగీల్లో లైట్లు కావాలన్నావు, పెట్టుకో. చిన్న ఎల్ఈడీలు, బటన్ బ్యాటరీ ఒక అట్టముక్క మీద బిగించి, ఆ అట్టను లోపల కూర్చోబెట్టు. రేకుకు జిగురు తగలకూడదు, సోల్డరింగ్ వేడి అసలే తగలకూడదు. విప్పిన ప్రతి పాత స్క్రూ, స్ప్రింగు చిన్న కవర్లో వేసి ఏ బండిదో రాసి పెట్టుకో.

కమ్యుటేటర్ తుడిచాక ఒక ఫోటో తీసి పంపు. నేను చూసి సరే అనేదాకా కరెంటు ఇవ్వకు. అమ్మాయిని, చంటిదాన్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య