ర్యాప్ పాడే కొడుక్కి రిటైర్మెంట్ సొమ్ము ఇవ్వవచ్చా?

ప్రశ్న: నా వయసు 61. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి గత సంవత్సరం రిటైరయ్యాను. మా అబ్బాయికి 25 ఏళ్లు. రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో నెలకు 28 వేల జీతం. తెలుగులో ర్యాప్ పాటలు తనే రాసి పాడుతున్నాడు. ఇంతవరకు చేసిన పాటలకూ, రాబోయే అయిదేళ్ల పాటలకూ అన్ని హక్కులూ శాశ్వతంగా రాసిస్తే 3 లక్షల అడ్వాన్సు ఇస్తామని ఒక మ్యూజిక్ కంపెనీ అడిగితే వద్దన్నాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లోనే స్టూడియో పెట్టుకుంటానని, నా పీఎఫ్ సొమ్ములోంచి 8 లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు అడిగింది 8 లక్షల గురించే అయినా, ముందుగా చూడవలసింది మీ అబ్బాయి కాదన్న 3 లక్షల ఒప్పందం. చేతికి వచ్చే డబ్బు వదులుకున్నాడని మీకు బాధగా ఉండవచ్చు గానీ, నా ఉద్దేశంలో అతను చేసింది సరైన పనే. ఇలాంటి ఒప్పందాల్లో అడ్వాన్సు సాధారణంగా అదనపు సొమ్ము కాదు. పాటలపై వచ్చే రాయల్టీలో కళాకారుడి వాటా నుంచి ఆ మొత్తం తీరేవరకు కంపెనీ మినహాయించుకుంటుంది. మన కాపీరైటు చట్టం ప్రకారం పాట సాహిత్యంపై రచయితకు జీవితకాలమూ, ఆ తరువాత మరో 60 ఏళ్లూ, రికార్డింగుపై అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. అంతకాలం నిలిచే ఆస్తిని, ఇంకా పుట్టని పాటలతో సహా, 3 లక్షలకు రాసివ్వడం చవక బేరం. పైగా ఆ చట్టానికి 2012లో జరిగిన సవరణ తరువాత, కాపీరైటు అమ్మినా గీత రచయిత తన రాయల్టీ వాటాను కంపెనీకి వదులుకోవడానికి వీలులేదు. ర్యాప్‌లో పాడేవారే రాసేవారు కాబట్టి ఈ నిబంధన మీ అబ్బాయికి నేరుగా వర్తిస్తుంది. ఆ వాటా వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలో అతను రచయితగా సభ్యత్వం తీసుకోవాలి.

అయితే ఆ పాటల బీట్లు, అంటే మాటల వెనుక నడిచే సంగీతం, ఎవరివి? ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న బీటయితే అదే బీటును ఇంకా పదిమందికి ఇచ్చి ఉండవచ్చు, ఎన్నిసార్లు వినిపించవచ్చో పరిమితి కూడా ఉండవచ్చు. స్నేహితుడు చేసి ఇచ్చినదైతే వాటాలు కాగితంపై రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూసినట్టే ఇదీ చూడవలసిందే.

ఇక మీ 8 లక్షలు. అసలును మీ దగ్గరే ఉంచుకుని, దానిపై వచ్చే వడ్డీని ఇవ్వండి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో మీ 30 లక్షల పరిమితి నిండకపోతే ఈ సొమ్ము అందులో వేయండి. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకొకసారి 16,400 రూపాయలు వస్తాయి. దానిని మీ అబ్బాయి సంగీతానికి కేటాయించండి. రెండు విడతల వడ్డీతో పడకగదిలో పాట రికార్డు చేయడానికి సరిపడే మైకు, దానిని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేసు, హెడ్‌ఫోన్లు వస్తాయి. ఆ తరువాతి విడతలు మిక్సింగుకూ, వీడియోలకూ ఉంటాయి. ర్యాప్‌కు పెద్ద గది, వాద్యబృందం అక్కరలేదు కనుక 8 లక్షల స్టూడియో అవసరం నాకు కనిపించడం లేదు. అయిదేళ్ల తరువాత అసలు మీ చేతికే తిరిగి వస్తుంది.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానవద్దని చెప్పండి. విశాఖలో కార్యక్రమాల డబ్బు ఎక్కువగా చలికాలంలోనే వస్తుంది: కాలేజీ ఉత్సవాలు, బీచ్ రోడ్డు హోటళ్లలో డిసెంబరు 31 రాత్రి, ఆ పైన ఎప్పుడైనా ఒక ప్రభుత్వ వేడుక. ఎండాకాలం నుంచి ఆషాఢం దాటేవరకు చేతిలో పని పలచబడుతుంది. అందువల్ల సంవత్సరం ఖర్చులకు సరిపడే సొమ్ము జీతంలోంచి కూడబెట్టాక, సంగీతం మీద వచ్చేది వరుసగా రెండు చలికాలాలు, వాటి మధ్య వచ్చే వేసవితో సహా, నెలకు సగటున 20 వేలు దాటాక రాజీనామా గురించి ఆలోచించవచ్చు. కార్యక్రమానికి సగం డబ్బు ముందే తీసుకోవాలి. మిగతా సగం రావడానికి నెలలు పట్టడం ఈ రంగంలో కొత్త కాదు. ఆదాయమంతా ఒక ఖాతాలో వేసి, అందులోంచి ప్రతినెలా ఒకే మొత్తాన్ని జీతంలా తీసుకోవడం మంచిది. ప్రపంచమంతా పేరు మోగిన అమెరికా ర్యాపర్ ఎంసీ హ్యామర్ 1996లో దివాలా పిటిషను వేయవలసి వచ్చింది ఆదాయం లేక కాదు, పెద్ద బృందాన్నీ ఆడంబరాన్నీ మోస్తూ వచ్చిన ఖర్చు వల్ల.

చట్టం పెట్టిన పరిమితి దాటిన ఫీజులపై, రాయల్టీపై 10 శాతం ఆదాయపన్నును ముందుగానే (టీడీఎస్) కోస్తారు; రిటర్ను వేస్తేనే ఎక్కువైనది వెనక్కి వస్తుంది. ఉద్యోగం మానేముందు సొంత ఆరోగ్య బీమా తీసుకోవాలి, ఎందుకంటే కంపెనీ బీమా ఉద్యోగంతోనే పోతుంది.

ఆ మ్యూజిక్ కంపెనీ మళ్లీ వస్తే పూర్తిగా కాదనవలసిన పని లేదు. పేర్లతో సహా రెండు మూడు పాటలకు, మూడేళ్ల గడువుకు, గడువు తీరాక హక్కులు తిరిగి వచ్చేలా అడగమనండి. గడువు రాయకపోతే చట్టం దానిని అయిదేళ్లుగా పరిగణిస్తుంది, ‘శాశ్వతంగా’ అని రాస్తే ఆ రక్షణ ఉండదు. సంతకానికి ముందు ఆ ముసాయిదాను కాపీరైటు తెలిసిన న్యాయవాదికి చూపించండి. ఆ ఫీజును కూడా ఈ వడ్డీలోంచే ఇవ్వవచ్చు.