2007 సీజన్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ 2007 సీజన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆట నీకు బాగా తెలుసు. చిక్కంతా ఎత్తుగడలోనే. సెప్టెంబర్ నుంచి వారం వారం చెప్పుకొస్తే నాలుగో పేరాకే పాఠకుడు జారుకుంటాడు. డిసెంబర్ 1 రాత్రితో మొదలుపెట్టు. ఒకటో ర్యాంకు మిస్సోరీ ఓక్లహోమా చేతిలో 38-17తో, రెండో ర్యాంకు వెస్ట్ వర్జీనియా సొంత మైదానంలో పిట్స్‌బర్గ్ చేతిలో 13-9తో ఓడాయి. ఏడో స్థానంలో ఉన్న ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) రెండుకి ఎగబాకింది.

ఎలాగన్నది వెంటనే చెప్పు. అప్పట్లో ఫైనల్ ఆడే మొదటి రెండు జట్లేవో బీసీఎస్ (బౌల్ ఛాంపియన్‌షిప్ సిరీస్) పట్టిక తేల్చేది. మూడో వంతు కోచ్‌ల ఓట్లు, మూడో వంతు హ్యారిస్ పోల్ (మాజీ ఆటగాళ్లు, మాజీ కోచ్‌లు, విలేకరుల ఓట్లు), మిగతాది ఆరు కంప్యూటర్ల లెక్క. అందులోనూ ఎక్కువదీ తక్కువదీ తీసేసి నాలుగింటి సగటు. గెలిస్తే రెండు పాయింట్లు అనే ఐపీఎల్ పట్టికకు అలవాటుపడ్డ మనవాళ్లకి ఓట్లతో ర్యాంకంటేనే వింత. దీన్ని నువ్వు చివర్లో ఒక వాక్యంతో సరిపెట్టావు.

స్కోర్లు విడదీసి చూపించు. అర్కాన్సాస్ ఎల్ఎస్‌యూని ఓడించిన 50-48 ఉంది కదా, మామూలు సమయానికి అది 28-28. అదనపు విడతల్లో గడియారం ఉండదు, అప్పట్లో ప్రతి విడతలో ఒక్కో జట్టుకి ప్రత్యర్థి 25 గజాల గీత నుంచి ఒక్కో అవకాశం ఉండేది. మొదటి రెండు విడతల్లో ఇద్దరూ విడతకి ఏడేసి (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించే టచ్‌డౌన్‌కి ఆరు, తర్వాతి కిక్‌కి ఒకటి) చేసి 42-42కి వచ్చారు. అప్పటి నిబంధన ప్రకారం మూడో విడత నుంచి టచ్‌డౌన్ తర్వాత కిక్ కుదరదు, రెండు పాయింట్లకు ప్రయత్నించాల్సిందే. అర్కాన్సాస్ ఆరుకి రెండు కలిపింది. ఎల్ఎస్‌యూ ఆరు దగ్గరే ఆగింది.

మిషిగన్‌ను 34-32తో ఓడించిన అపలాచియన్ స్టేట్‌ని 'అనామక జట్టు' అనకు. కింది డివిజన్‌లో 2005, 2006 ఛాంపియన్లు వాళ్లు. మిషిగన్ చివరి 37 గజాల ఫీల్డ్ గోల్ కిక్‌ని (గోల్ స్తంభాల మధ్య నుంచి పోతే మూడు పాయింట్లు) వాళ్ల ఆటగాడు కోరీ లించ్ అడ్డుకున్నాడు. పడుంటే మిషిగన్ 35-34. యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) 41 పాయింట్ల తేడాతో గెలుస్తుందని పందెం రాయుళ్లు లెక్కగట్టిన మ్యాచ్‌లో స్టాన్‌ఫర్డ్ దానిపై 24-23తో గెలవడం ఒక్క వాక్యంలో చెప్తే చాలు.

ఎల్ఎస్‌యూని 2008 ఛాంపియన్ అన్నావు, ఆ తప్పు దిద్దుకో. ఫైనల్ జరిగింది 2008 జనవరి 7న అయినా, ఒహాయో స్టేట్‌పై 38-24తో గెలిచిన ఎల్ఎస్‌యూ 2007 ఛాంపియనే. గజాల్ని మీటర్లలోకి మార్చకు, మైదానమంతా గజాల గీతలే.

ఇంకొకటి: పిట్స్‌బర్గ్ మ్యాచ్‌లో వెస్ట్ వర్జీనియా కిక్కర్ పాట్ మెకాఫీ రెండు ఫీల్డ్ గోల్స్ కొట్టలేకపోయాడు, 20 గజాలదీ 32 గజాలదీ. వాళ్ల తొమ్మిదికి మూడేసి కలిపి చూడు, 15-13తో వాళ్లే గెలిచేవాళ్లు. దాన్ని మొదటి పేరాలోకి తెచ్చి మళ్లీ పంపు.