పాత పోలీసు వైర్‌లెస్ సెట్లు: ముందు కాగితం, తర్వాతే సెట్

ప్రశ్న (జయపురం, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా): సార్, మా ఊళ్లో పాత ఇనప సామాన్ల కొట్లో మోటరోలా జీపీ300 వాకీటాకీ ఒకటి, పన్‌వైర్ వాళ్ల పాత వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే) వైర్‌లెస్ సెట్ ఒకటి కనిపించాయి. రెండూ కలిపి పదిహేను వందలు అంటున్నాడు. చిన్నప్పటి నుంచి పోలీసు సెట్లంటే పిచ్చి నాకు. కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. సెట్లు మంచివే, అందులో అనుమానం లేదు. జీపీ300 1990లలో వచ్చిన గట్టి పిండం. పన్‌వైర్ అంటే పంజాబ్‌లోని మొహాలీ కంపెనీ, మన దేశంలో పోలీసుల కోసం సెట్లు తయారుచేసింది, అది మూతపడి చాలా ఏళ్లయింది కాబట్టి ఆ సెట్లు ఇక కొత్తగా రావు. పాడవకుండా ఎవరో ఒకరు దాచాలనే నేనూ కోరుకుంటాను. కానీ మన దేశంలో వాటితో మాట్లాడితేనే తప్పు అనుకోకండి, లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే తప్పని 1933 నాటి వైర్‌లెస్ చట్టం చెప్పింది, 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనూ ఉంచుకోవడానికి అనుమతి కావాలన్న మాట అలాగే ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది కదా, షోకేసులో పెట్టుకుంటాను కదా అంటే కుదరదు.

పైగా మీరున్నది కొరాపుట్ జిల్లా. 2004 ఫిబ్రవరి 6న జిల్లా కేంద్రంలోనే పోలీసుల ఆయుధాగారం మీద మావోయిస్టులు దాడి చేసి తుపాకులు ఎత్తుకెళ్లిన చోటు. అలాంటి ప్రాంతంలో బస్సు తనిఖీలో మీ సంచిలోంచి పోలీసు సెట్ బయటపడితే, నేను సేకరిస్తున్నాను సార్ అన్న మాట వినేసరికి తెల్లారిపోతుంది. ఇంట్లోవాళ్లకి టెన్షన్ వేరే.

ఒక పని చేయండి. సెట్ వెనకా, బ్యాటరీ తీస్తే లోపలా చూడండి. ఏదైనా రాష్ట్ర పోలీసు శాఖ పేరుగానీ ముద్రగానీ ఉండి, కొట్టు ఆసామి దగ్గర వేలం కాగితం లేకపోయినా, సీరియల్ నంబర్ గీకేసి ఉన్నా ముట్టుకోకండి, అది స్టోర్స్‌లోంచి దొంగతనంగా వచ్చిందై ఉండొచ్చు. కాగితం ఉందా, దాన్ని ఫొటో తీసుకుని, సెట్ మోడల్, సీరియల్ నంబర్ రాసి, వైర్‌లెస్ లైసెన్సులు చూసే, కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగానికి ముందు అడగండి. జవాబు రాతలో వచ్చాకే డబ్బులివ్వండి. 446 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలున్నాయి కదా అని కొట్టువాళ్లు చెబుతారు, ఆ మినహాయింపు తక్కువ పవర్ సెట్లకు 2018లో ఇచ్చింది, పోలీసు సెట్లు దాని కిందికి రావు.

ప్రశ్న (పర్లాకిమిడి): నాకు హామ్ లైసెన్సు, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, ఉంది. రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకుని, రసీదుతో పాత క్రిస్టల్ సెట్ (చానెళ్లని లోపలి క్రిస్టల్స్ నిర్ణయించే పోలీసు సెట్) కొన్నాను. బ్యాటరీ గదిలో పచ్చగా, తెల్లగా పొడి పట్టింది. ఆన్ చేసి చూడొచ్చా?

జవాబు: చేయకండమ్మా. మీలా కాగితాలతో మొదలుపెట్టేవాళ్లని చూస్తే ప్రాణం లేచొస్తుంది, ఆ సెట్‌ని తొందరపడి కాల్చుకోకండి. పాత నికెల్ కాడ్మియం సెల్ కారితే వచ్చేది క్షారం. గ్లవ్స్ వేసుకోండి, దూదిపుల్లని వెనిగర్‌లో ముంచి కొద్దికొద్దిగా తుడవండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. కాడ్మియం విషం, ప్యాక్ కోయడం, కాల్చడం వద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. ఆరాక కరెంటు పరిమితి పెట్టుకోగలిగే పవర్ సప్లై మీద, సెట్ మీద రాసిన వోల్టేజీనే ఇచ్చి చూడండి. యాంటెన్నాగానీ, దాని బదులు తగిలించే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌గానీ లేకుండా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కితే, ప్రసారానికి పవర్ ఇచ్చే ఫైనల్ ట్రాన్సిస్టర్ పోవచ్చు, దానికి మళ్లీ స్పేర్ దొరకడం కష్టం.

మూత తీసినప్పుడు బోర్డు మీద చిన్న లోహపు డబ్బీలు వరసగా కనిపిస్తాయి చూడండి, అవే క్రిస్టల్స్. ఒక్కో చానెల్‌కి ట్రాన్స్‌మిట్‌కి ఒకటి, రిసీవ్‌కి ఒకటి ఉంటాయి, పైన అంకెలు చెక్కి ఉంటాయి. కొన్ని సెట్లలో ఆ అంకెను లోపల 12 రెట్లు చేస్తారు, అంటే 12.1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే 145.2 వస్తుంది, అది హామ్‌లకి ఇచ్చిన 144 నుంచి 146 బ్యాండ్‌లో పడుతుంది. ఉన్న పోలీసు క్రిస్టల్స్ తీసేసి, ఏ చానెల్‌వో కవర్ మీద రాసి విడిగా దాచండి. పారేయొద్దు, ఆ సెట్ ఎక్కడ పనిచేసిందో చెప్పేవి అవే. వాటితో మాత్రం ఒక్కసారి కూడా ప్రసారం చేయొద్దు. అన్నట్టు, మన వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ తప్పనిసరి.

ప్రశ్న (రాయగడ): హామ్ లైసెన్సు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందేనా అన్నయ్యా?

జవాబు: ఎందుకూ, తోలు కేసులు, పాత సర్వీస్ మాన్యువల్స్, కంపెనీ కేటలాగులు, సెట్ లేని చార్జర్లు సేకరించు. రిటైరైన పోలీసు బాబాయిలు మీ వీధిలోనే ఉంటారు, వెళ్లి కూర్చో. ఏ సెట్ వాడారు, కొండ ఎక్కితే గానీ సిగ్నల్ అందని ఊళ్లేవి, ఎస్పీగారు వైర్‌లెస్‌లోనే స్టేషన్లన్నిటితో మాట్లాడే సెట్ కాన్ఫరెన్స్ ఎలా జరిగేది అని అడిగి రాసిపెట్టుకో, సెట్లు తర్వాతైనా దొరుకుతాయి గానీ ఆ కబుర్లు చెప్పేవాళ్లు దొరకరు. ఈలోగా హామ్ పరీక్షకి చదువు. 12 ఏళ్లు నిండితే చాలు, మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) అక్కర్లేదు, దరఖాస్తు టెలికాం శాఖ వాళ్ల సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. 1999 అక్టోబర్ సూపర్ సైక్లోన్‌లో ఒడిశా తీరంలో ఫోన్లన్నీ పడిపోతే కబుర్లు అందించినవాళ్లలో హామ్‌లు ఉన్నారు, ఆ సంగతులు కూడా వెతికి చదువుకో, పరీక్షకి ఊపొస్తుంది.